గుండమ్మ కథలో లక్ష్మికి ఆస్తిలో వాటా లేదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నాన్నమ్మగారితో కలిసి 'గుండమ్మ కథ' చూశారు. సొంత తండ్రి ఇంట్లోనే లక్ష్మి పనిమనిషిలా చాకిరీ చేస్తుంటే ఒక్కరూ ఆస్తి మాట ఎత్తరేంటి, ఆ రోజుల్లో మొదటి భార్య కూతురికి చట్టంలో ఏమీ లేదా, ఆమెను కోడలిగా చేసుకోవాలనుకున్న రామభద్రయ్య అంత డబ్బున్న మనిషి కోర్టుకు వెళ్లకుండా కొడుకుని పనివాడి వేషంలో ఎందుకు పంపాడు అని అడిగారు. నేను ముప్ఫై ఏళ్లకు పైగా గుంటూరు జిల్లా కోర్టుల్లో సివిల్ కేసులు చేస్తున్నాను, అందులో సగం పంపకాల దావాలే. ఈ సినిమా అంటే నాకు ప్రాణం, ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. లక్ష్మి తండ్రి 1956 జూన్ 17న గానీ ఆ తర్వాత గానీ వీలునామా రాయకుండా పోయి ఉంటే, ఆస్తి ఆయన స్వార్జితమైతే, అంటే సొంతంగా సంపాదించిందైతే, లక్ష్మికి రూపాయికి పదహారణాల లెక్కన నాలుగణాల వాటా ఉంది. సవతి తల్లి గుండమ్మకు ఎంతో, గుండమ్మ పిల్లలు ప్రభాకర్‌కు ఎంతో, సరోజకు ఎంతో లక్ష్మికీ అంతే. ఆ తేదీకి ముందే పోయి ఉంటే మాత్రం వాటా లేదు. తిండి, బట్ట, పెళ్లి ఖర్చు, అంతవరకే హక్కు.

ఒక్క తేదీకి అటూ ఇటూ ఇంత తేడా. హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చిన రోజు అది. సినిమా విడుదలైంది 1962 జూన్ 7న, అంటే చట్టం వచ్చి ఆరేళ్లు. లక్ష్మి పెళ్లీడు పిల్ల, చాలాకాలంగా సవతి తల్లి చేతికింద నలుగుతున్న పిల్ల. ఆమె చిన్నప్పుడే తండ్రి పోయాడనుకుంటే ఆ చావు కచ్చితంగా 1956కు ముందే పడుతుంది. అప్పుడు లక్ష్మికి సెంటు భూమి కూడా రాదు. నాకు మొదటిసారి ఈ లెక్క తట్టినప్పుడు నిజంగా మనసు చివుక్కుమంది.

సినిమా చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. గుండమ్మ, అంటే సూర్యకాంతం, డబ్బున్న వితంతువు. సొంత పిల్లలు సరోజ (జమున), ప్రభాకర్ (హరనాథ్). భర్త మొదటి భార్య కూతురు లక్ష్మి (సావిత్రి), ఇంటిపనంతా ఆమె నెత్తిమీదే. రామభద్రయ్య (ఎస్వీ రంగారావు) తన ఇద్దరు కొడుకులకూ ఈ ఇద్దరు అమ్మాయిల్నీ చేసుకోవాలనుకుంటాడు. పెద్దవాడు ఎన్టీఆర్ అంజి పేరుతో పనివాడిగా ఆ ఇంట్లో చేరి లక్ష్మిని పెళ్లాడతాడు. రెండోవాడు రాజా, అంటే ఏఎన్నార్, సరోజను పెళ్లాడి, ఆ తర్వాత చేతిలో పైసా లేనివాడిగా నాటకమాడి ఆమెను తోటపనికి తీసుకెళ్తాడు. కన్నడంలో 1958లో వచ్చిన 'మనె తుంబిద హెణ్ణు' దీనికి ఆధారం. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మాణం, కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం, నరసరాజు మాటలు. ఎన్టీఆర్‌కు ఇది నూరో సినిమా.

ఇప్పుడు రుబ్బురోలు పాట దగ్గరికి వద్దాం. నా దృష్టిలో మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. నిక్కరేసుకున్న అంజి పిండి రుబ్బుతూ, పక్కనే ఉన్న లక్ష్మికి వినిపించేలా 'లేచింది నిద్ర లేచింది మహిళాలోకం' అని ఎత్తుకుంటాడు. పాడింది ఘంటసాల, రాసింది పింగళి. ఆడవాళ్లు పల్లెల్లో పంచాయితీలు చేస్తున్నారని, పట్నాల్లో ఉద్యోగాలు చేస్తున్నారని, చట్టసభల్లో సీట్లకు పోటీ పడుతున్నారని, చివరికి ఢిల్లీదాకా వెళ్లి విడాకుల చట్టం తెచ్చారని వరసపెట్టి చెప్తాడు. విడాకుల చట్టమంటే 1955 నాటి హిందూ వివాహ చట్టం. ఆ మరుసటి ఏడే ఆస్తి చట్టం వచ్చింది. పాటలో దాని ఊసు లేదు! ఎదురుగా ఉన్నది తండ్రి ఇంట్లోనే దాసీ అయిపోయిన పిల్ల, ఆమెకు అక్కర్లో ఉన్నది ఆ రెండో చట్టం. పింగళిగారు కావాలని వదిలేశారని నేననను. అప్పటి మన ఇళ్లలో విడాకుల గురించి నవ్వుతూనో తిడుతూనో మాట్లాడుకునేవాళ్లు గానీ ఆడపిల్ల వాటా మాట మాత్రం ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఆ పాట వింటే నాకు ఆ మౌనమే వినపడుతుంది.

పాత చట్టం ఎలా ఉండేదంటే, మగాడు పోతే స్వార్జితం కొడుకులకు. 1937లో వచ్చిన చట్టంతో భార్యకూ ఒక కొడుకుతో సమానంగా వాటా వచ్చింది, కానీ అనుభవించడానికి మాత్రమే, ఇష్టమొచ్చినట్టు అమ్ముకోవడానికి లేదు. కొడుకూ లేక, భార్యా లేకపోతేనే కూతురి దాకా వచ్చేది. గుండమ్మ ఉంది, ప్రభాకర్ ఉన్నాడు, కాబట్టి లక్ష్మికే కాదు, సరోజకూ ఏమీ రాదు. ఈ సంగతి చాలామందికి తట్టదు. పదిగంటలకు లేచి అద్దం ముందు కూర్చునే సరోజ, పొద్దున్నే లేచి చాకిరీ చేసే లక్ష్మి, ఆ చట్టం కింద ఇద్దరూ ఒకటే. తేడా ఒకటే, సరోజకు తల్లి బతికి ఉంది.

ఇంకోటి చూడండి. 1956 చట్టంలో 14వ సెక్షన్ అని ఉంది. దానివల్ల అప్పటిదాకా ఆడవాళ్ల చేతిలో ఉన్న ఆ అనుభవ హక్కు ఒక్కసారిగా పూర్తి హక్కయిపోయింది. అంటే భర్త ముందే పోయి, ఆస్తి గుండమ్మ స్వాధీనంలో ఉంటే, చట్టం వచ్చిన రోజున తన వాటాకు ఆమె సర్వహక్కులున్న యజమానురాలు అయింది. అదే చట్టం లక్ష్మికి వెనక్కి వెళ్లి ఏమీ ఇవ్వలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు, ఒకరికి తలుపు తీసింది, ఇంకొకరికి తియ్యలేదు.

అలాగని లక్ష్మి గుండమ్మ దయమీద బతుకుతోందనుకోకండి. పెళ్లికాని కూతుర్ని పోషించడం, పెళ్లి చేయడం తండ్రి ఆస్తి మీద ఉన్న బాధ్యత. పాత శాస్త్రంలోనూ ఉంది, 1956లోనే వచ్చిన దత్తత, మనోవర్తి చట్టంలోనూ ఉంది. ఆస్తి ఎవరి చేతిలో ఉంటే ఆ బాధ్యత వాళ్లది. కాబట్టి లక్ష్మి తింటున్న అన్నం తండ్రి ఆస్తి పెడుతున్న అన్నం, దానికి బదులుగా అంట్లు తోమాల్సిన పని లేదు. 'తేరగా తింటోంది' అని సవతి పిల్లల్ని అనే ఇళ్లు నేను ఇప్పటికీ చూస్తున్నాను, అందుకే ఇది ఇంత గట్టిగా చెప్తున్నాను.

పిత్రార్జితమైతే, అంటే తాతముత్తాతల నుంచి వచ్చిన ఆస్తయితే, లెక్క వేరే. తండ్రి 1956 తర్వాత పోయాడనుకుందాం. ముందు తండ్రికీ కొడుక్కీ పంచినట్టు లెక్క వేస్తారు, మన దక్షిణాదిలో ఆ పంపకంలో భార్యకు వాటా తియ్యరు. తండ్రికి ఎనిమిదణాలు, ప్రభాకర్‌కు ఎనిమిదణాలు. తండ్రి ఎనిమిదణాల్ని మళ్లీ నలుగురికీ పంచితే తలా రెండణాలు. చివరికి ప్రభాకర్‌కు పదణాలు, లక్ష్మికి, సరోజకు, గుండమ్మకు రెండేసి అణాలు. ఇదే కుటుంబం ఇవాళ ఉండి తండ్రి ఇప్పుడు పోతే? 2005 సెప్టెంబర్ 9 నుంచి కూతురు కూడా కొడుకులాగే పుట్టుకతో భాగస్తురాలు, ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అప్పుడు తండ్రికి, ముగ్గురు పిల్లలకు తలా నాలుగణాలు, తండ్రి నాలుగణాలు నలుగురికీ తలా అణా. లక్ష్మి ఐదణాలు, సరోజ ఐదణాలు, ప్రభాకర్ ఐదణాలు, గుండమ్మకు ఒక్క అణా. మధ్యలో మన ఆంధ్రప్రదేశ్ కూతుళ్లకు ఈ హక్కు ఇస్తూ సొంతంగా ఒక సవరణ చేసింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు, అయితే ఆ రోజుకి పెళ్లికాని కూతుళ్లకే. ఆ ఒక్క షరతు వల్ల ఒకే ఇంట్లో అక్కకు లేకుండా చెల్లికి వాటా వచ్చిన కేసులు నేనే చేశాను. ఆ అక్కల ముఖాలు ఇంకా గుర్తున్నాయి నాకు.

ఆ ఒక్క అణా చూశారా? అక్కడే గుండమ్మ నాకు అర్థమవుతుంది. చాలామంది ఆమెను గయ్యాళి అని వదిలేస్తారు. ఆమె తరం ఆడవాళ్లు భర్త పోయాక మరుదుల పంచన, సవతి పిల్లల పంచన పడి ఒక పూట తిండికి పోరాడినవాళ్లను కళ్లారా చూశారు. నోరు పెద్దది చేసుకుంటేనే ఇల్లు నిలబడుతుందని నమ్మిన మనిషి ఆమె. ఆ నోటిని దాటి చూస్తే లోపల అమాయకురాలు, ఎవరేం చెప్పినా నమ్మేస్తుంది. చివర్లో దుర్గ (ఛాయాదేవి) వచ్చి ఆ ఇంట్లో పెత్తనం చేతిలోకి తీసుకుని గుండమ్మనే గదిలో పెట్టి తాళం వేసినప్పుడు, ఆమె జీవితమంతా భయపడిందేదో అదే జరిగింది. అప్పుడు విడిపించింది ఎవరు? లక్ష్మే. సూర్యకాంతం ఆ చివరి భాగంలో నోరు తగ్గించి చేసిన నటన నాకు అన్నిటికన్నా ఇష్టం.

ఇక రెండో ప్రశ్న, రామభద్రయ్య కోర్టుకు ఎందుకు వెళ్లలేదు. ముందు చట్టం మాట. ఆయన బయటివాడు, దావా వేయాల్సింది లక్ష్మి. వేసిన మర్నాడు ఆమె ఎక్కడ పడుకోవాలి? అప్పటి చట్టంలో 23వ సెక్షన్ ఒకటుండేది, వారసుల్లో మగవాళ్లు పంచుకుంటామనేదాకా ఉంటున్న ఇంటిని ఆడవాళ్లు పంచమనడానికి లేదు, పెళ్లికాని కూతురైతే అందులో ఉండే హక్కు మాత్రం ఉంటుంది. అది 2005లోగానీ పోలేదు. అంటే ఎవరిమీద కేసు వేసిందో ఆ సవతి తల్లి పక్క గదిలోనే లక్ష్మి ఏళ్లతరబడి బతకాలి. నా క్లయింట్లలో అలా బతికినవాళ్లున్నారు, ఒకే బావి నీళ్లు, మాటల్లేవు.

కానీ అసలు కారణం అంతస్తు అని నా అభిప్రాయం. రామభద్రయ్య కారులో దిగి, మా పెద్దవాడికి మీ పెద్దమ్మాయినివ్వండి అని అడిగాడనుకోండి, గుండమ్మ సరోజను ముందుకు తోస్తుంది, లక్ష్మి వంటింట్లోనే ఉండిపోతుంది. గొప్పింటి సంబంధం సొంత కూతురికి, పనివాడు సవతి కూతురికి, ఇది ఆమె లెక్క. అందుకే కొడుకుని పనివాడిగా పంపాడు. నిక్కరేసుకుని వచ్చినవాడికి లక్ష్మినివ్వడానికి గుండమ్మ పెద్దగా ఆలోచించదు. కట్నం లేదు, లాంఛనాలు లేవు, చాకిరీకి ఇంకో జత చేతులు దొరుకుతాయి. అంతకన్నా పెద్ద లాభం ఇంకోటుంది, ఏమీ లేనివాణ్ని కట్టుకున్న పిల్ల రేపు మొగుణ్ని వెంటేసుకుని వచ్చి వాటా అడగదు. ఇలా ఆలోచించి సవతి కూతుళ్లకు, అన్నల చేతిలో పడ్డ ఆడపిల్లలకు సంబంధాలు చూసినవాళ్లను నేను సినిమాలో కాదు, కోర్టు బోనులో చూశాను. సినిమా ఆ మాట పైకి అనదు గానీ మొత్తం కథ దానిమీదే నడుస్తుంది. డబ్బున్న తండ్రి కూతురు పనిమనిషి, డబ్బున్న తండ్రి కొడుకు పనివాడు, ఇద్దరూ రుబ్బురోలు దగ్గర కలుసుకుంటారు. అక్కడ వాళ్లిద్దరి మధ్య ఏ అంతస్తూ లేదు, పిండి మెత్తగా రావాలి అంతే.

పెళ్లయితే వాటా పోతుందా అని కూడా చాలామంది అడుగుతారు. 1956 చట్టం ప్రకారం తండ్రి స్వార్జితంలో వారసురాలిగా వచ్చే వాటాకు పెళ్లితో సంబంధం లేదు. పసుపు కుంకుమ కింద ఎకరం ఇచ్చాం కదా, ఇంకేం అడుగుతుంది అంటారు. ఆ ఎకరం కానుక. దాన్ని వాటా కింద జమ కట్టుకోవాలంటే కాగితం మీద ఆ మాట ఉండాలి.

నా దగ్గరికొచ్చిన ఒక లక్ష్మి గురించి చెప్తాను, పేరు, ఊరు మార్చడం కాదు, అసలు రాయను. మొదటి భార్య కూతురు. తండ్రి తొంభైల్లో పోయాడు, వీలునామా లేదు. సవతి తల్లి, ఇద్దరు తమ్ముళ్లు కలిసి తెచ్చుకున్న కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌లో ఆమె పేరే లేదు, పొలం పాస్‌బుక్కులు తమ్ముళ్ల పేర్న మారిపోయాయి. పెద్దకర్మ రోజు ఖాళీ స్టాంపు కాగితం మీద ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నారు. పదిహేనేళ్ల తర్వాత వచ్చింది. నేను సర్వే నంబర్లు అడుగుతుంటే, "అమ్మా, పొలం సంగతి తర్వాత చూద్దాం, ముందు మా అమ్మ బిందె ఇప్పించండి" అంది. వాళ్లమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందె, మెడ దగ్గర చుక్కలు చుక్కలుగా ఆవిడ పేరు, పుట్టింటి ఇంటిపేరు, సంవత్సరం కొట్టించి ఉన్నాయట. ఆ ఇంట్లో పదేళ్ల వయసు నుంచి ఆ బిందెతోనే నీళ్లు మోసిందట తను.

ఆ బిందెను దావాలో చరాస్తుల జాబితాలో మొదటి వరసలో రాశాను. ఎదుటివాళ్లు ఈమె మా నాన్న కూతురే కాదు, దూరపు చుట్టం అని వాదించారు. మా దగ్గర ఆమె స్కూలు సర్టిఫికెట్ ఉంది, దానిమీద తండ్రి పేరు ఉంది. కోర్టు పంపిన అడ్వకేట్ కమిషనర్ ఇంటికెళ్లి సామాన్ల జాబితా రాసినప్పుడు అటకమీద ఆ బిందె కనపడింది. సొట్ట పడి ఉంది, కానీ అక్షరాలు చెరగలేదు. ఆ తర్వాత వాళ్ల లాయరు చుట్టరికం మాట మళ్లీ ఎత్తలేదు. వేలిముద్ర కాగితం రిజిస్టరు కాలేదు కాబట్టి స్థిరాస్తిలో హక్కు వదులుకున్నట్టు చెల్లలేదు. ఆరేళ్లకు ప్రిలిమినరీ డిక్రీ, అంటే ఎవరికెంత వాటా అని తేల్చే తీర్పు, వచ్చింది, ఆ తర్వాత మధ్యవర్తుల దగ్గర రాజీపడ్డారు. సంతకాలయ్యాక పెద్ద తమ్ముడే బిందె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "అక్కా" అన్నాడు, ఇంకేమీ అనలేకపోయాడు.

మీలో ఎవరైనా ఇలాంటి స్థితిలో ఉంటే, కొన్ని మాటలు.

పెద్దకర్మ రోజు దేనిమీదా సంతకం పెట్టకండి. పెట్టేసి ఉంటే హడలిపోకండి, ముందు అది రిజిస్టరైన హక్కు విడుదల పత్రమా, మామూలు కాగితమా చూడండి. ఎప్పుడో నోటిమాటగా జరిగిన పంపకాన్ని తర్వాత రాసుకున్న జ్ఞాపకపత్రమైతే రిజిస్టరు కాకపోయినా కోర్టు చూస్తుంది, అక్కడ జాగ్రత్త.

ఇన్నేళ్లయింది కాబట్టి ఇక రాదు అని ఎవరన్నా అంటే వెంటనే నమ్మకండి. ఉమ్మడి ఆస్తిలో ఒకరి స్వాధీనం అందరి స్వాధీనమే. కాకపోతే మీ హక్కును వాళ్లు బాహాటంగా కాదన్న రోజు నుంచి పన్నెండేళ్ల లెక్క మొదలవుతుంది, కాబట్టి అలా కాదన్నాక కూడా ఊరుకోవద్దు. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరై ముగిసిన పంపకాల్ని 2005 సవరణ కదపదు.

సవతి తల్లి సొంత ఆస్తి వేరు. ఆమెకు కన్నబిడ్డలుంటే వారసత్వంగా అది వాళ్లకే, భర్త మొదటి భార్య పిల్లలకు రాదు. తండ్రి ఆస్తి, సవతి తల్లి ఆస్తి కలిపి ఒకే మూటగా అడిగి కేసు పాడుచేసుకున్నవాళ్లున్నారు. నేను చెప్పిందంతా హిందువులకు. ముస్లింలకు, క్రైస్తవులకు చట్టాలు వేరు, వాటాలూ వేరు.

తండ్రి వీలునామా రాసి ఉంటే, తన స్వార్జితం వరకు ఎవరికైనా రాసుకోవచ్చు. లక్ష్మి తండ్రి ఒక్క తెల్లకాగితం మీద ఇద్దరు సాక్షుల ముందు నాలుగు వరసలు రాసి ఉంటే సరిపోయేది. రెండో పెళ్లి చేసుకున్న మగవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మొదటి భార్య పిల్లల కోసం ఆ నాలుగు వరసలు ఈ నెలలోనే రాయండి, వీలైతే రిజిస్టరు చేయించండి.

మీరు సినిమా గురించే అడిగి ఉంటే నా జవాబు ఇంతే. ఇంట్లో ఎవరి కోసమో అడిగి ఉంటే తండ్రి పోయిన తేదీ, ఆస్తి ఆయనకు ఎలా వచ్చింది, కూతుళ్ల పెళ్లి సంవత్సరాలు, ఇప్పటిదాకా ఏ కాగితాల మీద సంతకాలయ్యాయి, ఈ నాలుగూ కింద రాయండి. పేర్లు, సర్వే నంబర్లు రాయకండి. లెక్క వేసి చెప్తాను.